నంద్యాల తరగతిలో యాంటిగొనీ



ఇంగ్లీషు తరగతిలో విషాద నాటకాన్ని ఎట్లా చెప్పాలి అన్న విషయం మీద ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. ఇది పాఠాలు చెప్పేవాళ్ల సంగతి మాత్రమే అనుకోకండి. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో మీ ఇంటి పిల్లలు డిగ్రీ చదువుతూ ఉంటే, వాళ్ల సంచిలో ఉన్న ఇంగ్లీషు గైడు ఒకసారి తీసి చూడండి. గొప్ప నాటకం ఏదైనా సరే, అందులో నాలుగు పేజీల సారాంశంగా, రెండు మూడు క్యారెక్టర్ స్కెచ్‌లుగా, పరీక్షలో రాదగ్గ ఎస్సేలుగా మిగిలి ఉంటుంది. నాటకంలో ఒక్క పాత్ర గొంతు కూడా వినకుండానే, ఆ పాత్రలో ఉన్న లోపం ఏమిటో పిల్లలు పేజీ నిండా రాసేస్తారు. మార్కులు కూడా వస్తాయి. వచ్చిన మరునాటికి ఆ నాటకం పేరు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. విషాద నాటకాన్ని సారాంశం చేస్తే చివరికి మిగిలేది చావుల లెక్క ఒక్కటే. ఎవరు ఎవరిని చంపారు, ఎవరు ఎట్లా చచ్చిపోయారు. ఆ లెక్క వింటే ఎవరికీ గుండె కదలదు. చచ్చేముందు ఆ మనిషి ఏం మాట్లాడాడు, అవతలి మనిషి ఏం జవాబు చెప్పాడు, మధ్యలో ఎవరు వద్దన్నారు, వద్దన్నా ఎందుకు వినలేదు, నాటకమంతా అక్కడే ఉంది. దాన్ని వదిలేసి చెప్పే పాఠం ఎంత కష్టపడి చెప్పినా నాటకం పాఠం కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన నంద్యాల జిల్లా పిల్లలకు మొట్టమొదట చదివించవలసిన విషాద నాటకం షేక్‌స్పియర్‌ది కాదు. గ్రీకు కవి సొఫొక్లీజ్ రాసిన యాంటిగొనీ. దాన్ని చదివించేటప్పుడు కూడా ముందు తెలుగులో వాదించుకోనివ్వాలి, ఆ వాదన వేడెక్కిన తరువాత ఇంగ్లీషులోకి తీసుకురావాలి. ఎందుకో చెప్తాను. దానికి ముందు కోయిలకుంట్ల దాకా పోయి రావాలి.

1847 ఫిబ్రవరి 22. కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం కళ్లముందే ఉరి తీశారు. ఈ కథ మన పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1800లో నిజాం మన సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో వచ్చి పాలెగాళ్ల కోటలూ కత్తులూ లాక్కుని, బతికి ఉన్నవాళ్లకు నెలకింత అని తవర్జీ కట్టాడు. నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ తవర్జీ దగ్గర జరిగిన అవమానమే నిప్పు రాజేసిందని మన పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1846లో తిరుగుబాటు లేచింది. వడ్డె ఓబన్న తోడున్నాడు. బోయలూ చెంచులూ వెంట నడిచారు. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. నెలల తరబడి కొండల్లో వేటాడి చివరికి పట్టుకున్నారు, ఉరి తీశారు. అక్కడితో అయిపోలేదు. ఆయన తలను కోట గోడకు వేలాడదీశారు. అది 1877 వరకు అక్కడే ఉందని చరిత్రకారులు రాశారు. ముప్పై ఏళ్లు. ఈ మధ్యలో 1858లో కంపెనీ పాలనే పోయి విక్టోరియా రాణి పాలన వచ్చింది. ప్రభుత్వం మారింది గానీ ఆ తల మాత్రం దిగలేదు.

పిల్లలకు ఈ కథ రెండు దారుల్లో తెలుసు. ఒకటి, 2019లో వచ్చిన సైరా సినిమా. రెండోది, అవ్వాతాతల నోట విన్న పాట. కుందూ నది ఒడ్డున ఉన్న రేనాటి పల్లెల్లో నరసింహారెడ్డి మీద పాటలు తరతరాలుగా ఉన్నాయి. పరిశోధకులు తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఊరూరా తిరిగి ఆ వీరగాథలను సేకరించి భద్రం చేశారు. అందుకే యాంటిగొనీ పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు నేనిచ్చే హోంవర్కు ఒకటే. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఆ పాటలో కోటగోడ దగ్గర ఏం జరుగుతుందో విని రమ్మంటాను. ఉయ్యాలవాడ, చాగలమర్రి, రుద్రవరం వైపు నుంచి బస్సెక్కి కాలేజీకి వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా ఏదో ఒకటి పట్టుకొస్తారు. కొందరు పాడతారు కూడా.

అట్లా విన్న తరువాత ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "సార్, ముప్పై ఏండ్లంటే చాలా పొద్దు గదా. ఇంట్లో ఆడోళ్లు ఎవురూ రాత్రిపూట పోయి ఆ తలకాయ దించుకు రావాలనుకోలేదా?"

ఆ ప్రశ్న పుట్టిన తరగతికి యాంటిగొనీ ఎవరో ఇక పరిచయం చేయవలసిన పనిలేదు. ఆ పని చేసిన చెల్లెలే యాంటిగొనీ.

ఇప్పుడు కథలోకి వస్తాను. గ్రీసు దేశంలో థీబ్స్ అనే నగరం. రాజు ఈడిపస్ పోయాక అతని కొడుకులు ఇద్దరూ గద్దె కోసం కొట్లాడుకున్నారు. ఎటియోక్లీజ్ ఊళ్లో ఉండి కోట కాచుకున్నాడు. పాలినైసీజ్ పక్క రాజ్యం సైన్యాన్ని వెంటబెట్టుకుని సొంత ఊరి మీదికే వచ్చాడు. కోట వాకిలి దగ్గర అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చచ్చిపోయారు. మేనమామ క్రియాన్ రాజయ్యాడు. రాజైన మొదటి రోజే చాటింపు వేయించాడు. ఊరిని కాపాడిన ఎటియోక్లీజ్‌కు సకల మర్యాదలతో అంత్యక్రియలు జరగాలి. ఊరి మీదికి వచ్చినవాడి శవం కుక్కలకూ గద్దలకూ వదిలేయాలి. దాని మీద ఎవరైనా పిడికెడు మన్ను వేశారా, వాళ్లకు చావే.

ఆ ఇద్దరికీ తోడబుట్టిన ఆడపిల్లలు ఇద్దరున్నారు. పెద్దది యాంటిగొనీ, చిన్నది ఇస్మీనీ. యాంటిగొనీకి క్రియాన్ కొడుకు హైమన్‌తోనే పెళ్లి నిశ్చయమై ఉంది. తెల్లవారుజామున రాజభవనం వాకిట్లో అక్క చెల్లెలిని పిలిచి, రా, అన్నను పూడ్చి వద్దాం అంటుంది. చెల్లెలు భయపడుతుంది. ఆడవాళ్లం, అధికారంతో పెట్టుకోలేం అంటుంది. నాటకం ఇక్కడే మొదలవుతుంది. ఈ ఒక్క ఘట్టాన్ని ఇద్దరు అమ్మాయిల చేత గట్టిగా చదివిస్తే చాలు, మిగతా తరగతి చెవులు రిక్కిస్తుంది. ఇంట్లో ఇట్లాంటి సంభాషణ ఏదో ఒక రూపంలో జరగని ఆడపిల్ల ఉండదు. నువ్వెందుకు నోరెత్తుతావు, మనకెందుకు అని చెల్లెలు అనడం, నోరెత్తకపోతే నేను నేనెట్లా అవుతాను అని అక్క అనుకోవడం. ఇస్మీనీని పిరికిది అని గైడు తేల్చేస్తుంది. నేను ఒప్పుకోను. తరువాత అక్కను పట్టుకున్నప్పుడు, నేనూ కలిసే చేశాను, నన్నూ చంపండి అని ముందుకు వచ్చేది ఆ పిల్లే. భయపడిన మనిషి ధైర్యం తెచ్చుకోవడం ఎంత కష్టమో పిల్లలకు చూపించాలంటే ఇస్మీనీ కంటే మంచి పాత్ర దొరకదు.

కాపలావాడు వచ్చి శవం మీద ఎవరో దుమ్ము చల్లి పోయారని వణుకుతూ చెప్తాడు. రాజు మండిపడతాడు, మీకు ఎవరో లంచం ఇచ్చారంటాడు. కాపలావాళ్లు ఆ దుమ్ము ఊడ్చేసి, వాసన భరించలేక గాలి వచ్చే వైపు గట్టు మీద కూర్చుంటారు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చిన వేళ పెద్ద సుడిగాలి లేచి ఆకాశం కనబడకుండా కమ్మేస్తుంది. అది తెరిపి ఇచ్చాక చూస్తే, ఆ పిల్ల శవం దగ్గర నిలబడి ఉంటుంది. గూటికి వచ్చిన పక్షి, పిల్లలు కనబడక అరిచినట్టు అరుస్తూ ఉంటుంది. చేతులతో దుమ్ము తెచ్చి మళ్లీ చల్లి, మూడుసార్లు తర్పణం వదులుతుంది. పట్టుకుంటే పారిపోదు, కాదనదు. నంద్యాల ఎండ తెలిసిన పిల్లలకు ఆ సుడిగాలిని బోర్డు మీద వివరించాల్సిన అవసరం లేదు. ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో వాళ్లనే చెప్పమంటే సరిపోతుంది, ముందు తెలుగులో, ఆ తరువాత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు.

ఇక్కడికి వచ్చేసరికి తరగతి మొత్తం యాంటిగొనీ వైపు నిలబడుతుంది. మన పిల్లలకు అది సహజం. రావణుడు నేలకూలాక అతనికి సంస్కారం చేయమని విభీషణుడితో చెప్పినవాడు రాముడు. కురుక్షేత్రం అయిపోయాక, నా అన్నవాళ్లు లేని శవాలకు కూడా దహనం జరిపించినవాడు ధర్మరాజు. ఎవరో ఒక కుర్రవాడు లేచి ఈ మాట అంటాడు. అన్నాడంటే పాఠం సగం తలకెక్కినట్టే.

అధ్యాపకుడి అసలు పని అప్పుడే మొదలవుతుంది. క్రియాన్ పక్షాన మాట్లాడాలి. లేకపోతే ఇది సినిమా విలన్ కథ అయిపోతుంది, విషాద నాటకం కాదు. క్రియాన్ రాజై ఒక్క పూట కాలేదు. ఊరు నిన్ననే ముట్టడి నుంచి బయటపడింది. ఊరి కోసం చచ్చినవాడికీ, ఊరిని తగలబెట్టడానికి వచ్చినవాడికీ ఒకే మర్యాద జరిగితే, రేపు కోట కాపలాకు ఎవడు నిలబడతాడు? చుట్టరికం చూసి చట్టం సడలిస్తే జనం ఏమనుకుంటారు? ఈ వాదనలో బలం ఉంది. దీన్ని బలంగా మాట్లాడగల పిల్లవాడినే ఎన్నుకుని క్రియాన్ చేయాలి. జర్మన్ తత్వవేత్త హెగెల్ ఈ నాటకాన్ని ఎంతో ఎత్తున పెట్టింది ఇందుకే. ఇక్కడ తలపడేది మంచీ చెడూ కాదు, రెండు న్యాయాలు అన్నది ఆయన భావం. చివరికి నేను యాంటిగొనీ పక్షమే. కానీ ఆ పక్షానికి పిల్లలు క్రియాన్ మాట పూర్తిగా విన్నాకే రావాలి.

కోయిలకుంట్ల కథతో పోలిక కూడా ఇక్కడ ఆపాలి. క్రియాన్ అంటే కంపెనీ దొర అని పిల్లలు చటుక్కున అనేస్తారు. కాదు. దొర పరాయివాడు. క్రియాన్ మేనమామ, ఆ పిల్లకు కాబోయే మామ. దొరకు ఆ తల ఒక హెచ్చరిక మాత్రమే, దాన్ని వేలాడదీస్తే అతని ఇంట్లో ఎవరి అన్నమూ తగ్గలేదు. క్రియాన్ ఆజ్ఞ మాత్రం తిరిగి తిరిగి అతని ఇంటినే కూల్చింది. పైగా దొరకు తప్పు తెలిసి రాలేదు, క్రియాన్‌కు తెలిసి వచ్చింది. ఈ తేడా పిల్లలు పట్టుకున్నారంటే, అరిస్టాటిల్ చెప్పిన విషాద లక్షణాలు వాళ్లంతట వాళ్లే కనిపెట్టినట్టు. ఆ పేర్లు తరువాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

హైమన్ వచ్చి తండ్రితో మాట్లాడే ఘట్టం మన కుర్రవాళ్లకు చాలా దగ్గరిది. మొదట ఎంతో వినయంగా మొదలుపెడతాడు. వరద వచ్చినప్పుడు వంగిన చెట్టు బతుకుతుంది, బిగుసుకు నిలబడ్డది వేళ్లతో సహా పోతుంది అన్న అర్థం వచ్చేట్టు చెప్తాడు. కుందూ పొంగినప్పుడు ఒడ్డున చెట్లు చూసినవాళ్లే మన పిల్లలందరూ. ఊళ్లో జనం చీకట్లో ఆ పిల్ల కోసం గుసగుసగా బాధపడుతున్నారు, నీ ముందు నోరు విప్పలేకపోతున్నారు అని కూడా చెప్తాడు. తండ్రి వినడు. మాటా మాటా పెరుగుతుంది. ఆడదాని కొంగు పట్టుకున్నవాడివి అన్నంత దాకా పోతుంది. తండ్రీకొడుకుల మధ్య మాట ఏ చోట తెగిందో ఆ పంక్తిని చూపించమంటే, తరగతిలో ఒక్కొక్కరు ఒక్కో చోట వేలు పెడతారు. ఆ వేలు పెట్టడం కోసం ఇంగ్లీషు పుస్తకాన్ని పంక్తి పంక్తి వెతుకుతారు. అంతకంటే మంచి రీడింగ్ ప్రాక్టీసు ఏ లాంగ్వేజ్ ల్యాబులోనూ లేదని నా నమ్మకం.

యాంటిగొనీని రాతి గుహలో పెట్టి మూసేయమని ఆజ్ఞ. కాస్త అన్నం పెట్టి మూస్తారు, చంపిన పాపం ఊరికి తగలకూడదని. కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహలకు మన పిల్లలు ఎక్స్‌కర్షన్ పోయే ఉంటారు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్లో దీపాలు లేకపోతే ఎట్లా ఉంటుందో ఊహించమంటే చాలు, తరగతిలో చప్పుడు ఆగిపోతుంది.

గుడ్డి జోస్యుడు టైరీసియస్ వచ్చి హెచ్చరిస్తాడు. శవం ముక్కలు పక్షులు తెచ్చి పడేసి బలిపీఠాలు మైలపడ్డాయి, దేవతలు హవిస్సు తీసుకోవడం లేదు, నీ ఇంట్లో చావు రాబోతోంది అంటాడు. క్రియాన్ దడుచుకుంటాడు, దిగివస్తాడు. ఏం చేయమంటారు అని ఊరి పెద్దలను అడుగుతాడు. ముందు గుహలో పిల్లను విడిపించు, ఆ తరువాత శవానికి సమాధి కట్టు అంటారు వాళ్లు. క్రియాన్ బయలుదేరతాడు. కానీ పని తారుమారు చేస్తాడు. ముందు శవం దగ్గరికి పోతాడు. కడిగి, దహనం చేసి, మట్టి దిబ్బ పోసి, అప్పుడు గుహకు పోతాడు. అప్పటికే ఆ పిల్ల ఉరి వేసుకుని ఉంది. హైమన్ ఆమె నడుమును వాటేసుకుని ఏడుస్తూ ఉన్నాడు. తండ్రి మీద కత్తి దూసి, తప్పిపోతే తన డొక్కలోనే పొడుచుకుంటాడు. ఆ వార్త విని తల్లి యూరిడిసీ లోపలికి పోయి ప్రాణం తీసుకుంటుంది.

ఈ వరస మారిన సంగతి సారాంశాల్లో ఒక్కోసారి అసలే రాదు. నాటకంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే చోటు ఇదే. బతికి ఉన్న పిల్లను వదిలి చచ్చినవాడి దగ్గరికి ముందు పోయాడు. ఎందుకు పోయాడు? దేవతలకు భయపడా? తన ఆజ్ఞను తానే రద్దు చేసినట్టు ముందు జనానికి కనబడాలనా? వరస తారుమారు కాకపోతే ఆమె బతికేదా? ఈ ప్రశ్న వేసి, పావుగంట సేపు అధ్యాపకుడు నోరు మూసుకోవాలి. ఆళ్లగడ్డ కుర్రవాడొకడు చెప్పిన జవాబు నాకు గుర్తుండిపోయింది. "ఆయప్పకు బుద్ధి వచ్చింది సార్, గానీ పొద్దుపోయినాక వచ్చింది." అరిస్టాటిల్ ఒక అధ్యాయం రాసిన విషయాన్ని ఆ కుర్రవాడు ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమన్నాను. నాలుగు రకాలుగా రాసి, అందులో ఒకటి వాడే ఎంచుకున్నాడు.

మన పిల్లలు ఈ నాటకం చదువుతూ మధ్యలో ఎదురుచూసేది ఒకటి ఉంది. దేవుడు వస్తాడని. సత్య హరిశ్చంద్ర పద్యనాటకం చూసి పెరిగిన ప్రాంతం మనది. కాటిసీను తెలియని పల్లె సీమలో లేదు. అక్కడా ఒక శవమే. చంద్రమతి కొడుకు లోహితాస్యుణ్ణి మోసుకువస్తుంది. కాటికాపరిగా ఉన్న తండ్రే సుంకం ఇస్తే గానీ దహనం కుదరదంటాడు. ఆ సీను దగ్గర ఏడవని ముసలమ్మ ఉండదు. అయితే హరిశ్చంద్రుడు భార్య మీద ఎత్తిన కత్తి దిగేలోపు దేవతలు వస్తారు, కొడుకు లేచి కూర్చుంటాడు, రాజ్యం తిరిగి వస్తుంది. థీబ్స్‌లో ఎవరూ రారు. రావలసిన మనిషి ఒక్కడే వస్తాడు, అదీ ఆలస్యంగా. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, విషాద నాటకం మన పాత నాటకానికి ఎక్కడ వేరవుతుందో పిల్లలకు నిర్వచనం బట్టీ పట్టకుండానే తెలుస్తుంది. హరిశ్చంద్రను తక్కువ చేయడం కాదు ఇది. ఆ నాటకం మనిషి ఓర్పును చూపిస్తుంది, ఈ నాటకం మనిషి నిర్ణయం ఖరీదును చూపిస్తుంది.

మరొక పోలిక కూడా కుదురుతుంది. గ్రీకు రంగస్థలం మీద చావును కళ్లముందు చూపించరు, దూత వచ్చి చెప్తాడు. మన నాట్యశాస్త్ర సంప్రదాయమూ రంగం మీద చావును ఒప్పుకోదు. అందుకే దూత చెప్పే ఘట్టాన్ని మంచి గొంతున్న పిల్ల చేత చదివించాలి. కళ్లకు కనబడనిది చెవికి వినబడితే ఎంత బరువుగా ఉంటుందో రేడియో శ్రోతలకు నేను చెప్పాలా! ఇక ఊరి పెద్దల బృందం ఉంది చూశారా, సొఫొక్లీజ్ కాలంలో పదిహేను మంది, వాళ్లు బుర్రకథలో వంతల లాంటివాళ్లు. కథకుడి మాట అందుకుంటారు, అడుగుతారు, వాపోతారు. ఆ భాగాలు వెనక బెంచీల వాళ్లందరికీ కలిపి ఇస్తే, తరగతిలో మాట్లాడకుండా మిగిలేవాళ్లు ఉండరు. ఇంగ్లీషు చదవడానికి సిగ్గుపడే పిల్లవాడు పదిమంది గొంతులో గొంతు కలిపి చదువుతాడు. తప్పు పలికినా ఎవరికీ వినబడదు. వారం తిరిగేసరికి ఒంటరిగా చదువుతాడు.

షేక్‌స్పియర్ ఎందుకు వద్దంటున్నారు అని అడగవచ్చు. వద్దనడం లేదు. మొదట వద్దంటున్నాను. మాక్‌బెత్‌లో ఒక పంక్తి అర్థం కావాలంటే కింద నాలుగు పంక్తుల ఫుట్‌నోట్సు చదవాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు ఆ పాత ఇంగ్లీషు రెండు గోడలు కడుతుంది. యాంటిగొనీ గ్రీకులో పుట్టింది కాబట్టి, లండను వాళ్లూ దాన్ని అనువాదంలోనే చదవాలి. ఈ కాలపు ఇంగ్లీషులో మంచి అనువాదాలు ఉన్నాయి. రాబర్ట్ ఫేగల్స్‌ది ఒకటి, డడ్లీ ఫిట్స్, రాబర్ట్ ఫిట్జెరాల్డ్ కలిసి చేసినది ఇంకొకటి. మాటలు చిన్నవి, దెబ్బ సూటిగా తగులుతుంది. మూల నాటకం దాదాపు 1350 పంక్తులే. గట్టిగా చదివితే నాలుగైదు పీరియడ్లలో మొత్తం నాటకం అయిపోతుంది. మొత్తం నాటకం చదివామన్న ధైర్యం వచ్చిన పిల్లలకు ఆ తరువాత ఒథెల్లో ఇవ్వండి, ఆనందంగా తీసుకుంటారు.

విషాద నాటకం మన ప్రాంతానికి పరాయిది అనేవాళ్లకు ఒక చరిత్ర గుర్తుచేయాలి. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా పేరుపొందినది విషాద సారంగధర. రాసినవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారిలో ఉండి రాశారు. బళ్లారి అప్పుడు మన దత్తమండలంలోదే, 1953లో ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడినప్పుడే అది మైసూరుకు పోయింది. నాటకం శుభంతో ముగియాలన్న కట్టుబాటును ఆయన కావాలనే దాటారు. సంస్కృతంలో విషాదాంతానికి ఉదాహరణగా ఈరోజు మనం భాసుడి ఊరుభంగం పేరు చెప్తాం. భాసుడి నాటకాలు తిరువనంతపురంలో అచ్చవడం మొదలైంది 1912లో. ధర్మవరం వారు కన్నుమూసింది కూడా ఆ సంవత్సరమే. అంటే ఆ ఆధారం చేతిలో లేకుండానే ఆయన ఆ సాహసం చేశారు. సారంగధరుడి కథ కూడా ఎట్లాంటిది! సవతి తల్లి చిత్రాంగి మోహం, ఆమె చెప్పిన అబద్ధం, తండ్రి తొందరపాటు తీర్పు. గ్రీకు నాటకకర్త యూరిపిడీజ్ రాసిన హిపాలిటస్‌లో ఉన్నదీ అదే చిక్కు. డిగ్రీ విద్యార్థికి ప్రాజెక్టు వర్కు కావాలంటే ఈ రెంటినీ కలిపి ఇవ్వండి. ధర్మవరం వారి మేనల్లుడే బళ్లారి రాఘవ. పుట్టింది మన పొరుగున తాడిపత్రిలో, 1880లో. వకీలు పని చేస్తూ ఒథెల్లో, షైలాక్ పాత్రలు ఇంగ్లీషులోనే ఆడి మెప్పించారు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చారు. సీమ మనిషికి ఇంగ్లీషు నాటకం నోరు తిరగదనే మాటకు ఆయన జీవితమే జవాబు.

ఒక జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. మన నంద్యాల, ఆళ్లగడ్డ పేర్లు వినగానే బయటివాళ్లకు ఫ్యాక్షన్ గుర్తుకు వచ్చేట్టు సినిమాలు ఒక ముద్ర వేశాయి. ఆ ముద్ర మన పిల్లలను హాస్టళ్లలో, ఉద్యోగాల్లో వెంటాడుతుంది. అది అన్యాయం. అదే సమయంలో, పగల వల్ల మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ల పిల్లలు తరగతిలో ఉండవచ్చు. అందుకని ఈ నాటకం చెప్పేటప్పుడు ఊళ్ల పేర్లు, కుటుంబాల పేర్లు ఎత్తకూడదు, ఎత్తనివ్వకూడదు. అవసరం కూడా లేదు. క్రీస్తు పూర్వం 441 ప్రాంతంలో ఏథెన్సులో ఆడిన నాటకం ఇది. అంత దూరం ఉంది కాబట్టే మన గుండెలో ఉన్నది దాని మీద పెట్టి మాట్లాడవచ్చు. ఒక పిల్ల తరగతిలో ఏమీ మాట్లాడకుండా కూర్చుని, నోటుపుస్తకంలో యాంటిగొనీ అన్నకు ఉత్తరం రాసుకుంటే, ఆ ఉత్తరాన్ని గట్టిగా చదవమని ఎవరూ అడగకూడదు. దిద్దకూడదు కూడా.

లోకంలో ఈ నాటకాన్ని ఎక్కడెక్కడ వాడుకున్నారో తెలిస్తే పిల్లలకు దాని బలం అర్థమవుతుంది. 1944 ఫిబ్రవరిలో, ప్యారిస్ ఇంకా జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, జాన్ అనూయ్ తిరగరాసిన యాంటిగొనీని అక్కడ ఆడారు. దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపం జైలులో ఖైదీలు ఈ నాటకం వేసినప్పుడు నెల్సన్ మండేలా అందులో పాత్ర ధరించారు. ఆయన వేసినది యాంటిగొనీ పక్షపు పాత్ర కాదు, క్రియాన్. అన్యాయపు చట్టాన్ని ఎదిరించి జైలుకు పోయిన మనిషి, చట్టం పట్టుకుని వేలాడే రాజు పాత్రలో నిలబడి ఆ మాటలు మాట్లాడారు. అవతలివాడి మాటను తన నోటితో పలికి చూడడం అంటే ఇదే. తరగతిలో పాత్రలు మార్చి మార్చి చదివించమని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. ఈ రోజు యాంటిగొనీ చదివిన అమ్మాయి రేపు క్రియాన్ చదవాలి.

ఈ ప్రసంగం వింటున్న ఇంగ్లీషు అధ్యాపక మిత్రులకు నా విన్నపం. సిలబస్‌లో ఏ విషాద నాటకం ఉన్నా సరే, నోట్సు చెప్పే ముందు నాలుగు పీరియడ్లు పిల్లల గొంతుకు ఇవ్వండి. ఉచ్చారణ తప్పులు ఆ నాలుగు పీరియడ్లూ దిద్దకండి. తెలుగులో వాదించుకుంటుంటే ఆపకండి. ఆ వాదనలో వచ్చిన మంచి మాటను బోర్డు మీద తెలుగులోనే రాసి, దీన్ని ఇంగ్లీషులో ఎట్లా అందాం అని తరగతినే అడగండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ పిల్ల ఇంట్లో అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో గట్టిగా ఏదో మాట్లాడుతుంటే, చదువుకోకుండా ఇదేమిటి అని కసరకండి. అదే చదువు.

ప్రశ్నపత్రాలు తయారు చేసేవాళ్లను చివరిగా ఒకటి అడుగుతాను. క్రియాన్ పాత్రను వర్ణించుము అనే ప్రశ్న బదులు, నాటకం నుంచి ఒక పది పంక్తులు ఇవ్వండి. ఈ మాటలు ఎవరు ఎవరితో అంటున్నారు, వింటున్న మనిషి ఒప్పుకోవాలా వద్దా, నీ కారణం ఏమిటి అని అడగండి. ఈ ప్రశ్నకు గైడులో జవాబు దొరకదు. యూనివర్సిటీ పరీక్షలో పెట్టడానికి సమయం పట్టవచ్చు. కాలేజీలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష మాత్రం మీ చేతిలోనే ఉంది. ఈ సెమిస్టర్‌లోనే పెట్టి చూడండి.